నాగా లెక్క

ఆరు నెలల ప్రసూతి సెలవు ముగించుకుని ఆఫీసుకు వస్తే, ఎవరికి థాంక్స్ చెప్పాలో తెలియలేదు. తెలుసుకోవడానికి మళ్లీ రిపోర్టర్ పనే చేయాల్సి వచ్చింది.

అది 2025 డిసెంబర్ 15, సోమవారం. సరిగ్గా 182 రోజుల తర్వాత హైదరాబాద్‌లోని మా బ్యూరో మెట్లెక్కాను. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, అందులో నోట్‌బుక్ పక్కనే పాలు పిండే పంపు. తెలంగాణ పంచాయతీ ఎన్నికల రెండో విడత పోలింగ్ ముందురోజే ముగిసింది. మూడో విడత బుధవారం. ఆఫీసులో ఎవరికీ తలెత్తే తీరిక లేదు. నా కుర్చీకి ఎవరిదో స్వెట్టర్ వేలాడుతోంది. నా డ్రాయర్‌లో ఎవరివో బిస్కెట్లు. నా కంప్యూటర్‌కు నాకు తెలియని పాస్‌వర్డ్.

బ్యూరో చీఫ్ లోపలికి పిలిచారు. పాప ఎలా ఉంది, రాత్రుళ్లు నిద్రపోనిస్తోందా అని అడిగారు. తర్వాత ఆప్యాయంగానే అన్నారు: "అదృష్టవంతులమ్మా మీరు. ఆరు నెలలు జీతంతో సెలవు. మా ఆవిడకు ఇద్దరు పిల్లలప్పుడూ మూడు నెలలకు మించి ఇవ్వలేదు."

"థాంక్యూ సర్," అన్నాను.

బయటికొచ్చి కూర్చున్నాక ఆ మాట ముల్లులా గుచ్చుకోవడం మొదలైంది. ఆయన ఏమిచ్చారని థాంక్స్ చెప్పాను? నేను చదివింది రాజనీతి శాస్త్రం. ఎంఏ మొదటి ఏడాదిలోనే మాకు నూరిపోసిన సంగతి ఒకటుంది. పాలకుడు దయతలచి ఇచ్చేది వరం, చట్ట ప్రకారం పౌరుడికి రావలసింది హక్కు. వరానికి చేతులు జోడించాలి. హక్కుకు రసీదు చాలు. ఇన్నేళ్లుగా ప్రభుత్వ పథకాల మీద రాస్తూ, లబ్ధిదారు అన్న మాట వాడొద్దని జూనియర్లకు క్లాసులు పీకిన నేను, మొదటి రోజు మొదటి పది నిమిషాల్లో లబ్ధిదారులా తలూపి వచ్చాను.

ఈ సెలవు ఎవరి జేబులోంచీ ఊడిపడలేదు. 1928 జులైలో బాంబే శాసన మండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు చర్చకు వచ్చినప్పుడు బి.ఆర్. అంబేద్కర్ దాన్ని సమర్థించారు. ప్రసవానికి ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం ఆమె సొంత వ్యవహారం కాదని, అది దేశ ప్రయోజనమని వాదించారు. మరుసటి ఏడాది, 1929లో, బాంబేలో ఆ చట్టం వచ్చింది. గనుల్లో పనిచేసే స్త్రీలకు 1941లోనూ, జాతీయ స్థాయిలో 1961లోనూ చట్టాలు వచ్చాయి. 12 వారాల సెలవు 26 వారాలు కావడానికి మాత్రం 2017 దాకా ఆగాల్సి వచ్చింది. అదీ మొదటి ఇద్దరు పిల్లలకే. ఆ మాటకొస్తే మనం పుట్టుకతో వచ్చిందనుకునే ఆదివారం సెలవు వెనక కూడా బాంబే మిల్లు కార్మికుల పోరాటం ఉంది. నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా 1890లో వాళ్లకు ఆ వారపు సెలవు దక్కింది.

కాబట్టి థాంక్స్ చెప్పాల్సింది అంబేద్కర్‌కూ, లోఖండేకూ, పేర్లు ఎక్కడా నమోదు కాని మిల్లు కార్మిక స్త్రీలకూ అని ఆ మధ్యాహ్నం తీర్మానించుకున్నాను. తీర్మానం బాగానే ఉంది. దానివల్ల నా మనసు మాత్రం కుదుటపడలేదు.

ఎందుకంటే నా అసలు బాధ అది కాదు. ఒప్పుకోవడానికి కాస్త సిగ్గుగా ఉన్నా, అసలు బాధ ఇదీ: నేను లేకపోయినా అన్నీ జరిగిపోయాయి. 2025 ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో యూరియా బస్తా కోసం తెలంగాణ రైతులు సొసైటీల ముందు చెప్పులు వరుసలో పెట్టి రోజంతా పడిగాపులు కాశారు. వ్యవసాయం నా బీట్. ఆ వరుసల ఫొటోలు నేను ఖమ్మంలో పుట్టింటి మంచం మీద పడుకుని ఫోన్‌లో చూశాను. నవంబర్‌లో జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక జరిగింది. మా ఆఫీసుకు కూతవేటు దూరంలోనే అంత హడావుడి నడుస్తుంటే నేను పాప టీకాల తేదీలు లెక్కపెట్టుకుంటున్నాను. నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. నాకు సెలవిచ్చిన 1961 చట్టం సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయింది. వర్కింగ్ జర్నలిస్టులకు పదకొండు రోజుల పనికి ఒక రోజు చొప్పున ఆర్జిత సెలవు రాసిపెట్టిన 1955 చట్టం మరో కోడ్‌లోకి వెళ్లింది. 26 వారాలు అలాగే ఉన్నాయి గానీ, సెలవు మీద వెళ్లింది ఒక చట్టం కింద, తిరిగొచ్చింది మరో చట్టం కింద. కార్మిక శాఖ కూడా నా బీటే. ఆ వార్త నేను పాపను భుజాన వేసుకుని జోకొడుతూ టీవీలో చూశాను.

ఈ గోడంతా ఫోన్‌లో వెళ్లబోసుకుంటే యూనివర్సిటీ నాటి స్నేహితురాలు ఒక చిట్కా చెప్పింది. తను ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో మానవ వనరుల విభాగంలో ఉంది. సుదీర్ఘ సెలవు తర్వాత తిరిగొచ్చే వాళ్లందరికీ వాళ్ల కంపెనీ ఒక అందమైన నోట్‌బుక్ ఇస్తుందట. రోజూ పడుకునే ముందు, ఆ రోజు దేనికి కృతజ్ఞత అనిపించిందో అందులో మూడు వాక్యాలు రాయాలి. "నవ్వకు, దీని వెనక పరిశోధన ఉంది" అంది. ఉన్నమాట నిజమే. 2003లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకలో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో బాగా ప్రసిద్ధం. వారానికోసారి కృతజ్ఞత అనిపించిన విషయాలను ఐదింటి దాకా రాసుకున్న విద్యార్థులు, పది వారాల తర్వాత, చికాకుల జాబితా రాసుకున్న వాళ్లకంటే తమ జీవితం గురించి ఎక్కువ తృప్తి కనబరిచారు.

సరే, నేనూ రాశాను. పాప వరసగా మూడు గంటలు నిద్రపోయింది. మెట్రోలో సీటు దొరికింది. క్యాంటీన్‌లో ఉప్మా వేడిగా ఉంది. మర్నాడు: పాప వరసగా రెండున్నర గంటలు నిద్రపోయింది. ఉప్మా లేదు, ఇడ్లీ ఉంది. నాలుగో రోజుకు నా నోట్‌బుక్ వాతావరణ నివేదికలా తయారైంది. అందులో నిద్ర ఉంది, సీటు ఉంది, టిఫిన్ ఉంది. మనుషులే లేరు. అమెరికన్ రచయిత్రి బార్బరా ఎరెన్‌రైక్ 2015 చివర్లో రాసిన ఒక వ్యాసంలో ఎత్తిచూపింది ఇదే. ఇలాంటి కృతజ్ఞతా సాధనల్లో చాలావాటికి ఎదుటి మనిషితో పనే లేదు. తలుపులు మూసుకుని, తనకు తాను చెప్పుకుని, తనే తేలికపడి నిద్రపోవచ్చు.

మన ఇళ్లలో థాంక్స్ అనే మాటే ఒక రకంగా ఎబ్బెట్టు. పాపను చూసుకోవడానికి అమ్మ ఖమ్మం నుంచి నాతోపాటు వచ్చేసింది. మా బ్యూరోలో ఉన్నది ఎనిమిది మంది. 50 మంది లేదా అంతకుమించి ఉన్న చోటే శిశు సంరక్షణ కేంద్రం పెట్టాలని చట్టం. కాబట్టి మాకు అమ్మే ఆ కేంద్రం. అక్కడ నాన్న ఒక్కరే ఆవకాయ, కర్రీ పాయింట్ కూరలతో నెట్టుకొస్తున్నారు. ఆ మొదటి వారంలో ఒకరాత్రి "థాంక్స్ అమ్మా" అన్నాను. అమ్మ నావైపు వింతగా చూసి, "ఏం, నేనేమైనా పరాయిదాన్నా?" అంది. నిజమే, మన దగ్గర ధన్యవాదాలు సభలకే పరిమితం. అక్కడా వందన సమర్పణ మొదలవగానే జనం లేచి చెప్పులు వెతుక్కుంటారు.

అలాగని మన భాషకు ఈ భావం తెలియదనుకుంటే పొరపాటు. కృతజ్ఞత అన్న మాటలోనే అంతా ఉంది. కృతం అంటే చేసినది. జ్ఞత అంటే ఎరిగి ఉండటం. పక్కవాళ్లు చేసినది ఎరగడం. ఇందులో పొంగిపోవడం లేదు, చేతులు జోడించడం లేదు, నిద్రకు ముందు మనసు తేలికపరుచుకోవడమూ లేదు. ఉన్నదల్లా తెలుసుకోవడం. నేను లేనప్పుడు ఎవరు, ఏం చేశారు? ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు? జర్నలిజంలో చేరిన మొదటి వారంలో నేర్పే ప్రశ్నలివే. నోట్‌బుక్‌లో ఉప్మా గురించి రాయడం ఆపి, ఈ ప్రశ్నలు వేసుకుందామనుకున్నాను.

మొదట ఆరు నెలల పాత సంచికలు ముందేసుకున్నాను. యూరియా కథనం రెండు పేజీలు. పైన పేరు, ఇప్పుడు నా కుర్చీలో కూర్చున్న కుర్రాడిది. నాకంటే ఐదేళ్లు చిన్న. ఆ స్వెట్టర్, బిస్కెట్లు అతనివే. అతన్ని చూస్తే ఒళ్లు మండుతోందని ఇక్కడ రాయక తప్పదు. టీ తాగుదాం రమ్మని పిలిచి, నేను లేనప్పటి సంగతులు చెప్పమన్నాను. అతను లేచి వెళ్లి లావుపాటి ఫైలు తెచ్చాడు. నా బీట్‌లోని ప్రతి అధికారి, ప్రతి రైతు నాయకుడు జూన్ నుంచి ఏమన్నారు, ఎవరు బదిలీ అయ్యారు, ఎవరి ఫోన్ నంబర్ మారింది, ఏ కథనం ఎక్కడ సగంలో ఆగింది, అన్నీ తేదీలవారీగా రాసిపెట్టాడు. "మీరొచ్చాక మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టకూడదు కదా మేడమ్" అన్నాడు. ఇంకో మాట కూడా అతని నోటి వెంటే వచ్చింది. అక్టోబర్‌లో ఢిల్లీ ఆఫీసు, వ్యవసాయం బీట్ శాశ్వతంగా అతనికే ఇచ్చేద్దామా అని అడిగిందట. "ఆమె డిసెంబర్‌లో వస్తుంది, ఆమె బీట్ ఆమెదే" అని చీఫ్ ఫోన్ పెట్టేశారట.

అంటే సెలవు చీఫ్ ఇచ్చింది కాదు గానీ, బీట్ మాత్రం ఆయన నిలబెట్టిందే. నేను థాంక్స్ చెప్పింది సరైన మనిషికే, తప్పు పద్దు కింద. ఆ సాయంత్రం వెళ్లి పద్దు సరిచేశాను. "అక్టోబర్ సంగతి నాకు తెలిసింది సర్" అన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "ఆ పంచాయతీ ఐటమ్ ఏడింటికల్లా ఇచ్చేయండి" అన్నారు.

యూరియా కథనం చివర, రెండో పేజీ అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో మరో పేరు ఉంది. నల్గొండ జిల్లాలో మాకు సమాచారం పంపే విలేకరి. ఆయన ఒక దినపత్రికకు పనిచేస్తారు, మాకు కంట్రిబ్యూటర్. జీతం లేదు, వార్తకింత అని లెక్క. కథనంలో ప్రాణమున్న భాగమంతా ఆయనదే. తెల్లవారుజామున నాలుగింటికి సొసైటీ గేటు దగ్గర ఏ చెప్పుల జత ముందుంది, తెగిన చెప్పుకు బదులు పట్టాదారు పాసుపుస్తకం మీద రాయి పెట్టి వెళ్లిందెవరు లాంటివి హైదరాబాద్‌లో కూర్చుని రాసేవి కావు. ఫోన్ చేశాను. కథనం ఎంత బాగా వచ్చిందో చెప్పి, ఆ వారం ఎలా గడిచిందని అడిగాను.

ఆయన కాసేపు అవీ ఇవీ మాట్లాడి, ఆ వారం తన కూతురు డెంగీతో జిల్లా ఆస్పత్రిలో ఉందని చెప్పారు. తెల్లవారుజామున సొసైటీ దగ్గర, పొద్దెక్కాక ఆస్పత్రిలో. కాపీ అంతా వార్డు బయట మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో టైప్ చేశారు. "మరి ఒక్క మాట చెప్పలేదేం?" అన్నాను.

"చెబితే ఏం చేస్తరు మేడమ్? ఇంకొకరిని పంపుతరు. తర్వాత కూడా వాళ్లనే పంపుతరు."

ఆ మాట విన్నాక కాసేపు నాకు ఏం అనాలో తోచలేదు. సెలవు పెడితే ఆ చోటు మరొకరిదైపోతుందన్న భయం ఆరు నెలలుగా నన్ను తొలిచింది కూడా. తేడా ఒక్కటే. ప్రసూతి సెలవులో ఉన్న ఉద్యోగిని తీసేయడం చెల్లదని నా వెనక ఒక చట్టం నిలబడి ఉంది. ఆయన వెనక ఎవరూ లేరు. నా భయం ఊహ, ఆయనది అనుభవం. చీఫ్‌తో మాట్లాడి, ఆయన పేరు ఇకనుంచి కథనం పైనే, మా పేర్ల పక్కన, అదే సైజులో వేయాలని ఒప్పించాను. వార్తకింత అన్న లెక్క మాత్రం మారలేదు. అది నా చేతిలోనూ, చీఫ్ చేతిలోనూ లేదన్నారు.

ఆఫీసు దర్యాప్తు ముగిసింది. మిగిలింది ఇల్లు. అక్కడ విషయం నేననుకున్నంత తేలిగ్గా తేలలేదు.

మా ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు ఊడ్చి తుడిచే ఆవిడ పాలమూరు నుంచి వలస వచ్చిన మనిషి. వయసు నలభై ఐదు దాటి ఉంటుంది. నేను అక్కా అంటాను, ఆవిడ నన్ను మేడమ్ అనేది. పాప పుట్టాక అమ్మా అంటోంది. జీతం నెలకు 4,500 రూపాయలు. నేను పురిటికి ఖమ్మం వెళ్లిన మూడు నెలలూ ఆవిడ రోజూ వచ్చి వెళ్లింది. మా ఆయనకు దొరికిన సెలవు వారం రోజులే, అదీ ఆర్జిత సెలవులోంచి. ఆయన ఉదయం ఎనిమిదికి వెళ్తే రాత్రి తొమ్మిదికి వస్తాడు. అయినా నేను తిరిగొచ్చేసరికి కుండీలో తులసి పచ్చగా ఉంది. పాప గుడ్డలు తను ఉతుకుతానని ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. వాటికి వేరే డబ్బులూ అడగలేదు. నేను బకెట్ దగ్గరికి వెళ్లబోతే మాత్రం అడ్డొచ్చేది. "బాలింతవు, చన్నీళ్లల్ల చేతులు పెట్టకు. రేపు కీళ్లు గుంజుతయి."

డిసెంబర్ ఆఖరి ఆదివారం, కొత్త సంవత్సరం క్యాలెండర్ తగిలిద్దామని వంటింటి గోడకున్న పాతది తీశాను. దాని వెనక 2024ది కూడా అదే మేకుకు వేలాడుతోంది. పాల లెక్క, గ్యాస్ బండ తేదీలు, మధ్యమధ్య 'నా' అని చిన్న అక్షరం. నా అంటే నాగా. మన ఇళ్లలో పనిమనిషి రాని రోజుకు పేరది. ఉర్దూ నుంచి వచ్చిన మాట. మనం ఆఫీసుకు వెళ్లకపోతే సెలవు. ఆవిడ రాకపోతే నాగా. సెలవు పెట్టుకుంటాం, నాగా పెడుతుంది. ఒకదాంట్లో హక్కు ధ్వనిస్తుంది, రెండోదాంట్లో నేరం.

2024 ఆగస్టులో వరసగా నాలుగు నాలు ఉన్నాయి. వాటి పక్కన నా చేతిరాతే: 600 కట్. రోజుకు 150 చొప్పున పక్కా లెక్క. అప్పుడు అసెంబ్లీ సమావేశాలు అయిపోయి నాకు పని ఒత్తిడి కూడా లేదు. నాలుగు రోజులు గిన్నెలు నేనే తోముకున్నానన్న కోపం మాత్రం గుర్తుంది. ఆవిడ ఎందుకు రాలేదో గుర్తులేదు. గుర్తులేకపోవడం కాదు, అడగనేలేదు.

మర్నాడు పాపకు స్నానం చేయించాక, మాటల్లో మాటగా అడిగాను. ఆవిడకు వెంటనే గుర్తొచ్చింది. "మా బిడ్డ కాన్పప్పుడు. సర్కారు దవాఖానల నాలుగు దినాలు దానితోనే ఉంటి." పాప ఒంటికి పౌడర్ అద్దుతూ మామూలుగా చెప్పింది. "మనుమడు. ఇప్పుడు ఉరుకుతుండు."

మరి నీ కాన్పులప్పుడు ఎన్నాళ్లకు పనిలోకి వచ్చావు అక్కా అని అడిగాను. "పెద్దదానికి ఊర్ల ఉంటి, నెల దాటినంక కూలికి పోయిన. చిన్నోనికి ఈడనే. ఇరవై ఒక్కటో దినం పనికొచ్చిన. రాకుంటే వేరేటోళ్లను పెట్టుకుంటమన్నరు." అన్నది ఎవరో ఆవిడ చెప్పలేదు. నల్గొండ విలేకరి మాటే, ఇంకో నోటి నుంచి.

ఊళ్లకు ఊళ్లు తిరిగి, ముక్కూ మొహం తెలియని మనుషులను కూడా కూర్చోబెట్టి మీ ఇంట్లో ఎందరు, మీ కూలి ఎంత, మీ కష్టమేమిటి అని అడిగి రాసుకునే వృత్తి నాది. అసంఘటిత రంగ కార్మికుల మీద నేను కనీసం అరడజను కథనాలు రాసి ఉంటాను. ఇళ్లలో పనిచేసే వారి హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో తెచ్చిన 189వ ఒప్పందాన్ని భారత్ ఇంకా ధ్రువీకరించలేదని ఒకసారి చాలా ఘాటుగా రాశాను. ఆ కథనం రాసిన చేత్తోనే గోడ మీద 600 కట్ అని కూడా రాశాను. రోజూ ఉదయం ఏడింటికి మా తలుపు తట్టే మనిషిని, నాలుగు రోజులు ఎందుకు రాలేదని అడగడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

మనం సెలవు అనుకునే దాని వెనక, సెలవు లేని మనిషి ఎవరో ఒకరు ఉంటారు. మిల్లు కార్మికులు తెచ్చిపెట్టిన ఆదివారం ఆదివారమయ్యేది, ఆ రోజు కూడా ఎవరో వచ్చి గిన్నెలు తోమితేనే. అంబేద్కర్ దేశ ప్రయోజనమన్న ఆ విశ్రాంతి నా దాకా వచ్చింది. నా పాప గుడ్డలు ఉతికిన మనిషి దగ్గరికి వచ్చేసరికి అది నాగా అయిపోయింది. ఇది తెలిశాక, ఆవిడకు ఊరికే థాంక్స్ చెప్పడం నాకే సిగ్గనిపించింది. చేసినది ఎరిగాక, చేయాల్సింది కూడా కళ్ల ముందుకొస్తుంది. కృతజ్ఞతలో అసలు కష్టం అక్కడే ఉందేమో. అందుకే కాబోలు, నోట్‌బుక్‌లో రాసుకోవడం అంత సుఖంగా ఉంటుంది.

అమ్మ, మా ఆయన, నేను కూర్చుని మాట్లాడుకున్నాం. నెలకు నాలుగు రోజులు, పండగలకు ఏడాదికి మరో పదిహేను రోజులు జీతంతో సెలవు. ఒంట్లో బాగాలేకపోతే అది వేరు. ఇది మా గొప్ప కాదు. లోఖండే మిల్లు కార్మికులకు 1890లో వచ్చిన ఆదివారం మా వంటింటికి రావడానికి 2026 అయింది, అంతే. ఆవిడకు ఈ సంగతి చెప్పి, పాత 600 చేతిలో పెట్టబోయాను. డబ్బు తీసుకుంది, లెక్కపెట్టలేదు. "ఎన్నటియో పైసలు ఇప్పుడు యాదికొచ్చినయా?" అంది. తర్వాత కాసేపు ఆలోచించి, "అయితే ఐతారం రాను" అంది. నేను కన్నీళ్లో, కనీసం ఒక చిరునవ్వో ఎదురుచూసి ఉంటాను. అవి రాలేదు. రావలసిన పనీ లేదు. హక్కుకు రసీదు చాలని నేనే కదా చదువుకున్నది.

జనవరిలో సంక్రాంతికి ఆవిడ ఊరికి వెళ్లింది, ఐదు రోజులు. అమ్మ పాపను చూసుకుంటే, ఉదయం గిన్నెలు మా ఆయన, రాత్రివి నేను. మూడో రోజుకు ఇద్దరం మాట్లాడుకోవడం తగ్గింది. ఐదో రోజుకు సింకులో గిన్నెలు గట్టు మీదికి పాకాయి. ఆరో రోజు ఉదయం ఏడింటికి తలుపు చప్పుడైంది. తీస్తే ఆవిడ. చేతిలో ఊరి నుంచి తెచ్చిన పల్లీల సంచి. కళ్ల కింద నలుపు కాస్త తగ్గినట్లుంది. ఏం అక్కా, పండగ బాగా జరిగిందా అన్నాను. "మంచిగ నిద్రపోయిన" అంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. కొంగు బొడ్లో దోపి వంటింట్లోకి వెళ్లి, స్టవ్ కేసి చూసి, "ఇదెవరు తుడిచిన్రు, గిట్లనా?" అని నవ్వింది.

వంటింటి గడపలో నిలబడి ఆవిడనే చూస్తున్నాను. అప్పుడొక మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆప్యాయంగానే వచ్చింది. నీ అదృష్టం అక్కా, ఐదు రోజులు జీతంతో సెలవు.

ఆ మాట మింగేసి, పొడిబట్ట తీసుకుని, ఆవిడ కడిగిన గిన్నెలు తుడవడం మొదలుపెట్టాను.